టికెట్టు లేని ప్రయాణికులు

"ఏమ్మా, బాబుకి ఎన్నేళ్లు?"

"నాలుగు నిండి ఐదో ఏడు నడుస్తోందండీ."

"కాదు... నేను ఒకటో తరగతి!"

మొదటి ప్రశ్న కండక్టరుది. జవాబు తల్లిది. మూడో మాట ఎవరిదో చెప్పక్కర్లేదు. చిలకలూరిపేట నుంచి నరసరావుపేట వెళ్లే బస్సులోనైనా, గుంటూరు వెళ్లే బస్సులోనైనా ఈ ముచ్చట వినని ప్రయాణికుడు ఉండడు. బస్సంతా ఘొల్లున నవ్వుతుంది. తల్లి బుడతడి నోరు మూస్తుంది. మంచి కండక్టరైతే తనూ నవ్వేసి ముందుకెళ్లిపోతాడు. బడిలో వేసేటప్పుడు ఓ ఏడాది పెరిగే వయసు బస్సెక్కేటప్పుడు ఓ ఏడాది తగ్గిపోవడం మన ఇళ్లలో మామూలే మరి!

ఆర్టీసీ లెక్క ప్రకారం ఐదేళ్లు నిండని పిల్లలకు టికెట్టు లేదు. ఐదు నుంచి పన్నెండేళ్ల వరకూ అర టికెట్టు. రైల్లోనూ దాదాపు అంతే. ఐదేళ్లలోపు పిల్లలకు విడిగా బెర్తు అడగకపోతే డబ్బులు కట్టక్కర్లేదు. ఐదు దాటి పన్నెండు నిండని వాళ్లకు మాత్రం 2016 ఏప్రిల్ 21 నుంచి ఓ మెలిక పెట్టారు. బెర్తు కావాలంటే పూర్తి చార్జీ, అక్కర్లేదంటే సగం. ఇప్పుడు మన రాష్ట్రంలో అమ్మకూ టికెట్టు లేదు. 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీశక్తి పథకంతో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి ఐదు రకాల బస్సుల్లో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం. అంటే పుట్టింటి నుంచి అత్తారింటికి పసిబిడ్డతో బయల్దేరిన పిల్ల పర్సు తీయకుండానే ఊరు చేరుకోవచ్చు.

బాగుంది. కాదన్నదెవరు? కానీ టికెట్టు లేకపోవడంలో మరో సంగతి దాగి ఉంది. టికెట్టు లేదంటే సీటు లేదు. సీటు లేదంటే, ఆ బండిలో ఎంతమంది ఉన్నారో లెక్కేసేటప్పుడు ఆ బిడ్డ లెక్కలోకే రాదు. ఒళ్లో ఉంటుంది, చంకలో ఉంటుంది, భుజాన నిద్రపోతుంది. పెద్దవాళ్ల సామానులో ఓ సామాను. బస్సు సంగతే కాదు, స్కూటరు మీదా, కారులోనూ, కూలీల ఆటోలోనూ జరిగేది ఇదే.

పేటలాంటి ఊరికి ఈ విషయం మరీ ముఖ్యం. ఎందుకంటే ఇక్కడికి రైలు లేదు. రైలెక్కాలంటే నరసరావుపేటో, గుంటూరో, చీరాలో వెళ్లాలి. పురుడు పోసుకోవడానికి పుట్టింటికి రావాలన్నా, మూడో నెలలోనో ఐదో నెలలోనో బిడ్డతో అత్తారింటికి వెళ్లాలన్నా, టీకాకైనా, కొండమీద పుట్టువెంట్రుకలకైనా, పేట పిల్లల మొట్టమొదటి ప్రయాణం రోడ్డు మీదే. అదీ చెన్నై, కోల్‌కతాలను కలిపే పదహారో నంబరు జాతీయ రహదారి మీద. రాత్రీ పగలూ లారీలు ఆగని రోడ్డు అది.

ఒడి ఎంత గట్టిది?

'నా ఒళ్లో ఉంటే నా బిడ్డకేం భయం?' అనుకోని తల్లి ఉండదు. ప్రేమ సంగతి సరే... బలం సంగతేమిటి?

గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోతున్న బండి దేన్నో గుద్ది ఒక్కసారిగా ఆగిందనుకుందాం. బండి ఆగుతుంది గానీ లోపలున్న మనిషి ఒళ్లు ఆగదు. అదే వేగంతో ముందుకు పోతుంది. ఆ క్షణంలో పది కిలోల పిల్లవాణ్ని చేతులతో పట్టి ఆపాలంటే రెండు, మూడు క్వింటాళ్ల బరువును ఆపినంత బలం కావాలి. పత్తి తెలిసిన ఊరు కాబట్టి పత్తి లెక్కలోనే చెప్పుకోవచ్చు. జిన్నింగు మిల్లులో కట్టే దూది బేలు 170 కిలోలు. దాన్ని ఇద్దరు ముఠా కూలీలు కూడా ఎత్తలేరు. ఎగిరొచ్చే బేలును ఒంటి చేత్తో పట్టుకోమంటే ఎవరివల్ల అవుతుంది? ఇంకోలా చెప్పాలంటే, ఆ వేగంతో గుద్దుకోవడమంటే మూడంతస్తుల మేడ మీంచి కింద పడటంతో సమానం. మేడ మీద పిట్టగోడ పక్కన బిడ్డను ఎత్తుకుని నిలబడితేనే అమ్మమ్మ కేకలేస్తుంది. అదే అమ్మమ్మ కారు ముందు సీట్లో మనవణ్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని ఊరెళుతుంది.

ఈ ఒడి గొడవ మనదొక్కటే కాదు. విమానాల్లోనూ ఉంది. రెండేళ్లు నిండని పిల్లలకు అక్కడా విడిగా సీటుండదు, ఒళ్లోనే. 1989 జులై 19న అమెరికాలోని సూసిటీలో ఓ విమానం కూలింది. 296 మంది ఉంటే 112 మంది చనిపోయారు. ఒళ్లో పిల్లలు నలుగురు. అప్పట్లో ఉన్న పద్ధతి ప్రకారం, అత్యవసరంగా దిగే ముందు పిల్లల్ని కాళ్ల దగ్గర నేలమీద దిండ్లు, దుప్పట్ల మధ్య ఉంచి పట్టుకోమని సిబ్బంది చెప్పారు. విమానం నేలను తాకగానే ఇద్దరు తల్లులకు ఆ పట్టు నిలవలేదు. నలుగురిలో ఒక బాబు దక్కలేదు. ఆ మాట చెప్పిన ఎయిర్ హోస్టెస్ జాన్ బ్రౌన్ బతికి బయటపడింది. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఒక్కటే పోరాటం... విమానంలో ప్రతి బిడ్డకూ ఓ సీటు ఉండాలని.

అక్కడి విమానయాన శాఖ ఇప్పటికీ దాన్ని తప్పనిసరి చెయ్యలేదు. గట్టిగా సలహా ఇస్తుందంతే. ఎందుకో తెలుసా? పసిపిల్లకూ టికెట్టు కొనమంటే చాలామంది విమానం మానేసి కారులో పోతారట. ఆకాశంలో కంటే రోడ్డుమీద ప్రమాదాలు ఎక్కువ కాబట్టి చివరికి ఇంకా ఎక్కువమంది పిల్లలు పోతారట! వినడానికి వింతగా ఉన్నా కొట్టిపారేసే మాట కాదు. మన దగ్గరే రేపట్నుంచి చంటిపిల్లకూ బస్సు టికెట్టు కొట్టాలన్నారనుకోండి. నలుగురున్న ఇల్లు బస్సు దిగి ఒకే మోటారు సైకిలెక్కుతుంది. అంతకంటే ఆర్టీసీ ఒళ్లో కూర్చున్న బిడ్డే నయం. కాబట్టి ఉచితాన్ని తీసెయ్యమని అడగడం తెలివితక్కువ. కొనగలిగిన వాళ్లు కొనుక్కోవడం మాత్రం తెలివి. రైల్లో ఐదేళ్లలోపు పిల్లకూ కావాలంటే పూర్తి చార్జీ కట్టి బెర్తు తీసుకోవచ్చు. రాత్రంతా సాగే ప్రయాణంలో ఆ డబ్బు దండగ కాదు.

రైలంటే గుర్తొచ్చింది. 2022 మేలో లక్నో మెయిల్‌లో కింది బెర్తు పక్కన ఓ చిన్న మడత బెర్తు బిగించి చూశారు. చంటిబిడ్డ తల్లి కోసమని. అప్పట్లో దాని ఫొటోలు చూసి అందరూ ముచ్చటపడ్డారు. మనవాళ్లు ఎప్పట్నుంచో పైబెర్తుకు పాతచీర కట్టి ఉయ్యాల వేస్తూనే ఉన్నారనుకోండి! నవ్వేవాళ్లు నవ్వుకోనీ... ముడి గట్టిదై, ఉయ్యాల నేలకు జానెడు ఎత్తులోనే ఉండి, పక్కన ఒక పెద్దమనిషి మెలకువగా ఉంటే అందులో తప్పేం లేదు. గాఢనిద్రలో ఉన్న తల్లి పక్కన ఇరుకు బెర్తు అంచున పడుకోబెట్టడమే ఎక్కువ భయం.

ట్యాంకు మీద బుడతడు

పేట వీధుల్లో సాయంత్రంపూట నిలబడితే చాలు. నాన్న ముందు పెట్రోలు ట్యాంకు మీద పెద్దోడు, వెనక అమ్మ చంకలో చంటిది. హ్యాండిలుకు కూరగాయల సంచి. నాన్నకు హెల్మెట్ ఉంటే ఉంటుంది. మిగతా ముగ్గురికీ ఉండదు. ట్యాంకు మీద కూర్చున్నవాడు గాలికి కళ్లు మూసుకుని, అలా అలా తూగి నిద్రలోకి జారుకుంటాడు. ఎడమ చేత్తో వాణ్ని పట్టుకుని, కుడిచేత్తోనే బండి నడిపే నాన్నలు ఎంతమందో!

దీనికి చట్టం ఉందన్న సంగతి చాలామందికి తెలియదు. 2022 ఫిబ్రవరిలో కేంద్రం ఓ నిబంధన తెచ్చింది. ఏడాది గడువిచ్చి 2023 ఫిబ్రవరి నుంచి అమల్లోకి తెచ్చింది. తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ల వరకూ ఉన్న పిల్లల్ని ద్విచక్ర వాహనం మీద తీసుకెళ్లాలంటే వాళ్లకు హెల్మెట్ ఉండాలి. పిల్లకు చొక్కాలా తొడిగి, నడిపేవాళ్ల భుజాలకు తగిలించుకునే పట్టీల జాకెట్ ఉండాలి. బండి 40 కిలోమీటర్ల వేగం దాటకూడదు. నాలుగేళ్లు దాటితే పెద్దవాళ్లతోపాటే హెల్మెట్ తప్పనిసరి.

చలానా రాసేవాళ్లు కనిపించడం లేదు కదా అనుకుంటే అది వేరే సంగతి. ఆ పట్టీల జాకెట్ మాత్రం నిజంగా పనికొచ్చే వస్తువు. నిద్రలో జారిపోయే పిల్లను పట్టుకునే చెయ్యి అది. మరి తొమ్మిది నెలల లోపు బిడ్డ? హెల్మెట్ బరువును ఆ మెడ మొయ్యలేదు. హెల్మెట్ లేకుండా తీసుకెళ్లడం సరికాదు. అంటే మోటారు సైకిల్ ఆ బిడ్డ ఎక్కాల్సిన బండే కాదు. టీకాకు తీసుకెళ్లడమైనా సరే, ఆటో మాట్లాడుకోవడమే మేలు. ఆటోలోనూ తల్లీబిడ్డలు మధ్యలో కూర్చోవాలి గానీ అంచున కాదు.

ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ఈ రోడ్ల మీద మరో చిక్కు. మిర్చి! కల్లాల్లో ఎండుతున్న కాయల మీంచి, టిక్కీలు వేసుకెళ్లే లారీల మీంచి వచ్చే ఘాటు పెద్దవాళ్లకే ముక్కు మండిస్తుంది. ఆ కాలంలో ముందు మిర్చి లోడు లారీ కనిపిస్తే దాని వెనకే పోకుండా ఐదు నిమిషాలు ఆగిపోవడం నయం. బిడ్డ మొహం నిండా టవలు చుట్టేస్తే ఘాటు ఆగదు సరికదా, ఊపిరాడదు.

కారు సంగతి. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం పద్నాలుగేళ్లలోపు పిల్లలకు బెల్టో, పిల్లల సీటో లేకుండా కారు నడిపితే నడిపినవాళ్లకు వెయ్యి రూపాయల జరిమానా. పిల్లల సీటు అంటే కొన్ని వేల రూపాయల ఖర్చే. కానీ మొదటి పుట్టినరోజుకు ఫంక్షన్ హాలు, ఫ్లెక్సీలు, ఫొటోల ఆల్బమ్‌కు పెట్టే దాంతో పోలిస్తే ఏ మూలకి? పిల్లల సీట్ల వల్ల చంటిబిడ్డల మరణాలు 71 శాతం దాకా తగ్గించవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. సీటు వెనక వరసలోనే పెట్టాలి. చంటిపిల్ల మొహం కారు వెనక వైపుకి ఉండాలి. ఎయిర్‌బ్యాగు ఉన్న ముందు సీట్లో అలాంటి సీటు పెట్టడం మరీ ప్రమాదం. పెద్దవాణ్ని కాపాడే ఆ సంచే బిడ్డను గట్టిగా కొడుతుంది.

ఇంకోటి. 'రెండు నిమిషాల్లో వచ్చేస్తాం, నిద్రపోతోంది కదా' అని బిడ్డను కారులో వదిలి బట్టల షాపులోకి వెళ్లడం. రెంటచింతల ఎండలు ఉన్న పల్నాడు జిల్లా ఇది. ఎండలో ఆపిన కారులో పది నిమిషాల్లోనే వేడి పది డిగ్రీలకు పైగా పెరుగుతుంది. పెద్దవాళ్ల కంటే పసివాళ్ల ఒళ్లు మూడు నుంచి ఐదు రెట్లు త్వరగా వేడెక్కుతుంది. నిద్ర చెడితే చెడింది, భుజాన వేసుకుని వెళ్లండి.

రాత్రి బస్సు

హైదరాబాదులో ఉద్యోగాలు, పేటలోనో పర్చూరులోనో అమ్మానాన్నలు. పండక్కీ, ఓట్లకూ రాత్రి బస్సే దిక్కు. 2024 మే 13న ఓటేసి, మర్నాడు రాత్రి చినగంజాం వైపు నుంచి హైదరాబాదు బయల్దేరిన ట్రావెల్స్ బస్సు ఒకటి అర్ధరాత్రి దాటాక చిలకలూరిపేట దగ్గర పసుమర్రు వద్ద టిప్పర్ను గుద్దుకుని తగలబడింది. ఆరుగురు చనిపోయారు. వాళ్లలో ఓ చిన్నపిల్ల కూడా ఉంది. 2025 అక్టోబరు 24 తెల్లవారుజామున కర్నూలు దగ్గర చిన్నటేకూరులో మరో బస్సు మంటల్లో చిక్కుకుంది. అందులోనూ పసివాళ్లున్నారు.

భయపెట్టడానికి కాదు ఇదంతా. రాత్రి బస్సు మానెయ్యమంటే కుదిరేదీ కాదు. బస్సెక్కగానే చెయ్యాల్సిన పని ఒకటుంది, చార్జరు పాయింటు వెతుక్కోవడానికి ముందు. అత్యవసర ద్వారం ఎక్కడుందో, అద్దం పగలగొట్టే సుత్తి ఎక్కడుందో చూడటం. ఇద్దరు పిల్లలున్న ఇంట్లో అయితే ఏదైనా జరిగితే ఎవరు ఎవర్ని ఎత్తుకోవాలో ముందే అనుకోవడం. 'పెద్దోడు నీకు, చంటిది నాకు' అన్న ఒక్క మాట చాలు. ఇద్దరూ ఒకే బిడ్డ కోసం పరుగెత్తకుండా ఉంటారు. స్లీపరు బస్సయితే పిల్లలతో పైబెర్తు వద్దు. చీకట్లో, పొగలో దిగడం పెద్దవాళ్లకే కష్టం. పిల్లల చెప్పులు, ఒక చొక్కా ఉన్న చిన్న సంచి చేతికందేలా ఉంటే మేలు. పెద్ద సూట్‌కేసు పోతే పోతుంది.

ఫ్లాస్కులో పాలు... వద్దు!

పసిబిడ్డతో ప్రయాణమంటే అమ్మమ్మ చేసే మొదటి పని పాలు కాచి ఫ్లాస్కులో పొయ్యడం. దశాబ్దాలుగా నడుస్తున్న పద్ధతి. కాని ఇదొక్కటి మాత్రం మానుకోవాలి. గోరువెచ్చగా గంటల తరబడి ఉన్న పాలు క్రిములకు పండగ. పాలు విరిగితే కనిపెట్టగలం, విరగకుండానే చెడితే కనిపెట్టలేం. పోతపాలు తప్పనిసరైతే ఫ్లాస్కులో బాగా కాచిన వేడినీళ్లు పోసుకుని, పొడి విడిగా పెట్టుకుని, అప్పటికప్పుడు కలిపి, చల్లార్చి పట్టాలి. కలిపినవి రెండు గంటలు దాటితే పారబొయ్యాలి. బిడ్డ తాగడం మొదలుపెట్టి వదిలేసిన పాలైతే గంటే గడువు. 'అయ్యో, సగం ఉన్నాయే' అనిపించినా సరే.

ఆరు నెలల్లోపు బిడ్డకైతే ఈ బాధే లేదు. అమ్మపాలు చాలు. మే నెల ఎండల్లో కూడా మంచినీళ్లు అక్కర్లేదు. 'నోరెండిపోతోంది, రెండు చుక్కలు పట్టవే' అనే పెద్దమ్మలు ప్రతి బస్సులోనూ ఉంటారు. వాళ్లను నొప్పించకుండా తల్లి ఇంకోసారి పాలిస్తే సరిపోతుంది.

ఇవ్వడానికి చోటేదీ అంటారా? అసలు చిక్కు అక్కడే. కిక్కిరిసిన బస్టాండులో కొంగు చాటున, గోడవైపు తిరిగి కూర్చున్న తల్లుల్ని చూస్తూనే ఉంటాం. తమిళనాడు 2015లోనే బస్టాండుల్లో పాలిచ్చే తల్లులకు గదులు కట్టించడం మొదలుపెట్టింది. బహిరంగ ప్రదేశాల్లో ఇలాంటి చోటు ఉండాలని 2024 ఫిబ్రవరిలో కేంద్రం రాష్ట్రాలకు సూచిస్తే, దాన్ని గుర్తుచెయ్యమని 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. ఉచిత ప్రయాణంతో బస్సుల్లో తల్లులు పెరిగినప్పుడు బస్టాండుల్లో నాలుగ్గోడలూ ఒక కుర్చీ పెరగకపోతే ఎలా? ఒక్క తెర కట్టడానికి కూడా బడ్జెట్ లేదంటే నమ్మడం కష్టం.

ప్రయాణంలో పిల్లలకు వచ్చే పెద్ద జబ్బు విరేచనాలే. దానికి మందు ఓఆర్ఎస్. ఇక్కడ ఓ మాట జాగ్రత్తగా వినాలి. ఓఆర్ఎస్ పేరు తగిలించుకుని రంగురంగుల డబ్బాల్లో తియ్యటి పానీయాలు ఏళ్లపాటు మందుల షాపుల్లోనే అమ్ముడయ్యాయి. వాటిలో చక్కెర ఎక్కువ. విరేచనాలు తగ్గకపోగా పెరుగుతాయి. దీని మీద హైదరాబాదు పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. చివరికి 2025 అక్టోబరులో ఆహార భద్రత సంస్థ అలాంటి పానీయాల మీద ఓఆర్ఎస్ అన్న మాట వాడకూడదని ఆదేశించింది. కొనేటప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని రాసి ఉన్న పొడి ప్యాకెట్టే అడగండి. పెద్ద ప్యాకెట్లో 20.5 గ్రాములుంటుంది. దాన్ని సరిగ్గా లీటరు నీళ్లలో కలపాలి. సగం ప్యాకెట్టు గ్లాసులో వేసి కలపడం, రుచికి ఇంకో చెంచా పంచదార వెయ్యడం... రెండూ తప్పే. ప్రయాణంలో లీటరు కొలత ఎక్కడుందంటారా? కొత్త మంచినీళ్ల సీసా ఉందిగా!

రెండేళ్లు దాటిన పిల్లలకు బస్సులో కడుపులో తిప్పడం మొదలవుతుంది. చంటిపిల్లలకు అది తక్కువ. అలాంటి పిల్లలకు బయల్దేరే ముందు పూరీలు, వడలు వద్దు. రెండు ఇడ్లీలు చాలు. ముందు సీట్లో కూర్చోబెట్టి దూరంగా ఉన్న చెట్లను చూపించాలి. చేతిలో సెల్‌ఫోన్ పెడితే ఐదు కిలోమీటర్లలో పక్కవాళ్ల చీర పాడవడం ఖాయం.

నిద్రపుచ్చడానికి దగ్గుమందు పట్టించే అలవాటు ఒకటుంది. 'ఓ చెంచా వేస్తే ఊరొచ్చేదాకా లేవదు' అని సలహాలిచ్చేవాళ్లకూ కొదవలేదు. పొరపాటున కూడా వినకండి. జలుబుకు వాడే ఒక రకం మందుల మిశ్రమాన్ని నాలుగేళ్లలోపు పిల్లలకు ఇవ్వకూడదని 2023 డిసెంబరులో కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థే చెప్పింది. 2025లో మధ్యప్రదేశ్‌లో కల్తీ దగ్గుమందు తాగి 20 మందికి పైగా పసివాళ్లు పోయారు. ఏడిస్తే ఏడవనీ. బస్సులో బిడ్డ ఏడుపు నేరం కాదు.

తిరునాళ్లలో...

శివరాత్రి వస్తే పేట చుట్టుపక్కల ఇళ్లలో పిల్లాజెల్లా అంతా కోటప్పకొండకే. పురుషోత్తమపట్నం ప్రభలు కదులుతుంటే ఇంట్లో ఎవరుంటారు? విద్యుత్ దీపాలతో ఆకాశాన్నంటే ప్రభను చూసి నోరు తెరిచిన పిల్లవాడు పక్కన అమ్మ ఉందో లేదో మర్చిపోతాడు. తప్పిపోవడానికి అర నిమిషం చాలు. మెడలో వేలాడే కార్డులు తెగిపోతాయి. బాల్‌పెన్నుతో ముంజేతి మీద ఫోను నంబరు రాసేస్తే పోదు. కానీ పేరు కనిపించేలా రాయొద్దు. పేరు పెట్టి పిలిచిన ప్రతివాళ్లనూ పిల్లలు నమ్మేస్తారు. పొద్దున్న బయల్దేరేముందు ఫోనులో పిల్లల ఫొటో ఒకటి తీసుకుంటే ఆ రోజు ఏ రంగు చొక్కా వేసుకున్నాడో పోలీసులకు చెప్పడానికి తడుముకోనక్కర్లేదు. మాటలొచ్చిన పిల్లలకు 'తప్పిపోతే ఎక్కడికీ పోకు, అక్కడే నిలబడు' అని నేర్పండి. వెతికేవాళ్లూ వెతకబడేవాళ్లూ ఇద్దరూ తిరుగుతుంటే దొరకడం కష్టం.

కూలికి వచ్చే పిల్లలు

ఇన్ని జాగ్రత్తలూ ఊరెళ్లే పిల్లలకు. బతుకుతెరువు కోసం కదిలే పిల్లల సంగతి వేరు.

పత్తి తీతలూ, మిరపకోతలూ మొదలైతే కర్నూలు పడమటి మండలాల నుంచి, కోసిగి, ఆదోని, మంత్రాలయం వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలు గుంటూరు, ప్రకాశం పల్లెలకు వలస వస్తాయి. వంటసామానూ, బియ్యం మూటలూ, వాటి మధ్య పిల్లలూ. పొలం గట్టున పట్టాల గుడిసె. చెట్టుకు చీర ఉయ్యాల, అందులో చంటిది. ఉయ్యాల ఊపడానికి ఆరేళ్ల అక్క. ఆ అక్క బడిలో ఉండాల్సిన పిల్ల. వలస వెళ్లే కుటుంబాల పిల్లలు ఊళ్లోనే ఉండి చదువుకోవడానికి కర్నూలు వైపు సీజనల్ హాస్టళ్లు నడిపారు. కానీ పాలు తాగే బిడ్డ హాస్టల్లో ఉండదుగా! తల్లి ఎక్కిన బండే ఎక్కాలి.

ఆ బండే అసలు భయం. 2020 మే 14న ప్రకాశం జిల్లాలో మిరప కూలీలతో ఇంటికి తిరిగొస్తున్న ట్రాక్టరు కరెంటు స్తంభాన్ని గుద్దింది. కనీసం తొమ్మిది మంది ప్రాణాలు పోయాయి. ట్రాక్టరు ట్రక్కు సరుకుదే గాని మనుషులది కాదు. ముగ్గురు కూర్చోవాల్సిన ఆటోలో పదిహేను మంది కూర్చుంటే డ్రైవరు పక్కన కమ్మీ పట్టుకుని వేలాడే తల్లి చంకలో కూడా ఓ బిడ్డ ఉంటుంది. లెక్క అడిగితే 'పదిహేను మందే' అంటాడు మేస్త్రీ. బిడ్డ పదహారో మనిషి కాదు మరి.

ఈ పేపరు చదివే ఇళ్లలో చాలామందికి ఎంతో కొంత మిరపతోట ఉంది. కూలీలను మాట్లాడుకునేటప్పుడు రోజుకూలి ఎంత, టిక్కీకి ఎంత అన్న బేరం గంటసేపు సాగుతుంది. బండి ఎన్ని ట్రిప్పులు తిప్పాలన్న మాట ఎవరూ ఎత్తరు. రెండో ట్రిప్పుకయ్యే డీజిలు ఖర్చు ఆ రోజు కోసిన కాయ విలువలో లెక్కలోకి రానంత. చంటిబిడ్డ తల్లుల్ని మొదటి ట్రిప్పులో, ట్రక్కులో కాకుండా సీటున్న బండిలో పంపమని మేస్త్రీకి చెప్పగలిగింది రైతు ఒక్కడే. మందు కొట్టిన చేలో వారం లోపల కోతలు పెడితే ఉయ్యాల గాలివాలుకు ఎదురుగా, తోటకు దూరంగా కట్టుకోమని చెప్పగలిగిందీ ఆయనే. ఇంకా మంచిది, కోత సాగినన్నాళ్లూ ఊళ్లో అంగన్‌వాడీలో ఆ పిల్లల్ని కూర్చోబెట్టించడం. వేరే ఊరి బిడ్డ అని అక్కడ కాదనరాదు. పోషణ్ ట్రాకర్లో పేరు ఒక కేంద్రం నుంచి మరో కేంద్రానికి మార్చే వీలుంది.

టీకాలూ అంతే. ఏ ఊరి బిడ్డకైనా ఏ ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలోనైనా వేస్తారు. 2024 అక్టోబరు 29న దేశమంతా మొదలైన యూ-విన్‌లో బిడ్డ పేరు ఎక్కి ఉంటే కార్డు ఇంటి దగ్గర మర్చిపోయినా ఏ టీకా పడిందో, ఏది మిగిలిందో ఏఎన్ఎమ్ చూసి చెప్పగలదు. పొలం గట్టున ఉయ్యాల కనిపిస్తే ఆ తల్లిని పలకరించి, బిడ్డకెన్ని నెలలో, టీకా తేదీ ఎప్పుడో అడగండి. బుధవారమో శనివారమో ఆమెకు ఓ పూట సెలవిచ్చి, ఇంట్లో కారుంటే అందులోనే ఆరోగ్య కేంద్రం దాకా పంపండి. వెనక సీట్లో.